డోర్నకల్ బిషప్ అజరయ్య

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక విద్యాసేవకుడి జీవితం రాసిమ్మని కమిటీ మిత్రులు అడిగారు. మన బడిలో చదివినవాళ్లలో చాలామందిమి ఇంట్లో మొట్టమొదట పలక పట్టినవాళ్లం. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేయాల్సిన చోట నాన్న వేలిముద్ర వేస్తే, అది ఎవరూ చూడకూడదని దాచుకున్న రోజులు నాకు గుర్తే. అలాంటి ఇళ్ల పిల్లల కోసం నూరేళ్లకు ముందే తెలుగునాట బడులు పెట్టిన ఒక తమిళుడి కథ ఇది. ఆయన క్రైస్తవ మతాధికారి. మన బడి అన్ని మతాలవారిదీ. ఆయన విశ్వాసాన్ని పక్కన పెడితే ఆయన పని అర్థం కాదు కనుక ఉన్నదున్నట్టే చెబుతాను.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. వారిది నాడార్ కులం. ఆ రోజుల్లో ఆ కులంవారికి గుళ్లలో ప్రవేశం ఉండేది కాదు. తండ్రి తొందరగానే పోవడంతో తల్లి కష్టపడి చదివించింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివారు గానీ, ఆఖరి పరీక్షల సమయంలో జబ్బు పడి డిగ్రీ చేతికి రాకుండానే బయటపడ్డారు. ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

కాలేజీ విడిచాక వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం పుచ్చుకోకుండా పెళ్లాడారు. కాలేజీ చదువు చదివిన దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె మొదటి తరం మనిషి. 1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో పొరుగు ప్రాంతాలకు సేవకులను పంపడం చూశారు. మన పని మనమే ఎందుకు చేసుకోకూడదన్న ప్రశ్న అప్పుడే ఆయనలో గట్టిపడింది. మరుసటి ఏడాది మిత్రులతో కలిసి తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులూ డబ్బూ మనవే ఉండాలన్నది దాని నియమం. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్.

ఊళ్లు తిరిగి అందరికీ సేవ గురించి చెబుతూ తాను మాత్రం వెళ్లకపోవడం ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. 1909లో మంచి ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, ముప్పై అయిదేళ్ల వయసులో డోర్నకల్ చేరారు. అక్కడ పల్లె మాట తెలుగు, సర్కారు మాట ఉర్దూ. తండాల్లో లంబాడీ, అడవుల్లో కోయ. ఆయన ఇంటి భాష తమిళం. ఆయన తెలుగు నేర్చుకుని తెలుగులోనే బోధించారు. చేసిన పని ముఖ్యంగా మాల, మాదిగ పేటల్లో. ఊరి బడి అరుగు ఎక్కే వీలు లేని పిల్లలు వాళ్లు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లదొరలు నిండిన ఆ సభలో నిలబడి, మీరు మాకు డబ్బు ఇస్తారు, ప్రాణం కూడా ఇస్తారు, కానీ సాటి మనిషిగా స్నేహం మాత్రం ఇవ్వరు అనే భావం వచ్చేలా ఆయన మాట్లాడారు. చాలామందికి కోపం వచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. తర్వాత ఆయన అధికార పరిధి కృష్ణా జిల్లా వరకూ పెరిగింది.

బడులు పెట్టడంలో ఆయన పద్ధతి తేలిక. పట్నం నుంచి పంతులును తెచ్చి పేటలో పెడితే నిలవడు. కాబట్టి పేటలోంచే పంతులును తయారు చేయాలి. పల్లెలకు వెళ్లే యువకులకు డోర్నకల్‌లో శిక్షణ ఇచ్చేవారు. వారి భార్యలకూ చదువు ఉండేది. ఆ భారం అన్బుగారు మోశారు. చదువుతోపాటు పొలం పని, చేతిపని నేర్పేవారు. సారా మానడం, శుభ్రంగా ఉండడం కూడా పాఠాలే. మాల, మాదిగలు ఒకరి పక్కన ఒకరు కూర్చోనన్న చోట ఆయన రాజీపడలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, ఒకే పాత్రలోంచి తాగాలి.

డబ్బు విషయంలోనూ అంతే. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్లు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టేవారు. కూలి చేసుకునే ఇళ్లు కూడా అలా ఇచ్చాయి. తీసుకునేవాడుగానే ఉన్న మనిషి ఇచ్చేవాడు కావాలని ఆయన పట్టుదల. డోర్నకల్ పెద్ద చర్చి కట్టడానికి ఏళ్లూ పూళ్లూ పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, సిలువ అన్నీ ఆ ఒక్క కట్టడంలో కనిపిస్తాయి.

ఆయన మీద విమర్శలు రాకపోలేదు. దళితులు మూకుమ్మడిగా మతం మారడాన్ని 1930లలో గాంధీజీ గట్టిగా వ్యతిరేకించారు. అది పేదల సొంత నిర్ణయమనీ, వారికి ఆ హక్కు ఉందనీ అజరయ్య వాదన. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే, ఇద్దరూ అంటరానితనాన్ని అసహ్యించుకున్నవారే. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో అజరయ్య ఒకరని మరచిపోకూడదు. తనవాళ్లు దేశం నుంచి విడిపోయి బతకడం ఆయనకు ఇష్టం లేదు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన పరిధిలోని క్రైస్తవులు రెండు లక్షలకు పైబడ్డారు. దక్షిణాది సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 నుంచి ఆయన పాటుపడ్డారు. ఆ కల 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా నెరవేరింది. చూడటానికి ఆయన లేరు.

గోవాడలో కూర్చుని డోర్నకల్ మాట ఎందుకంటారా? మాడుగుల దాటితే మన్యం. అక్కడి నుంచి కిందికి చదువుకు వచ్చిన పిల్లలు మన తరగతుల్లో ఉండేవారు. వాళ్ల యాసకు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ముప్పై అయిదేళ్ల వయసులో పిల్లల భాష నేర్చుకున్న ఆ పెద్దమనిషి గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేస్తుంది. మనలో ఇప్పుడు ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. ఏజెన్సీలో పనిచేస్తున్నవారూ ఉన్నారు. పిల్లవాడు మన మాట నేర్చుకునేలోగా మనం వాడి మాటలు పది నేర్చుకుంటే, వాడు బడి మానడు. మన సంఘం ఏటా ఇచ్చే సాయం కూడా గుప్పెడు బియ్యం లాంటిదే. ఎంత ఇచ్చామన్నది కాదు, పూట తప్పకుండా తీసి పెట్టామా అన్నదే లెక్క.