నాడి భాష తెలిసిన బూఅలీ సీనా

యునానీ వైద్యం తెలిసిన వారికి షేఖుర్రయీస్ బూఅలీ సీనాను పరిచయం చేయనక్కరలేదు. ఆయన క్రీ.శ. 980లో బుఖారా సమీపాన అఫ్షనా గ్రామంలో జన్మించారు. పదేళ్ల వయసుకే దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. పదిహేడేళ్ల ప్రాయంలో బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్‌కు వైద్యం చేసి, రాజ గ్రంథాలయంలో చదువుకునే అవకాశం పొందారు.

తరువాతి జీవితం సుఖంగా సాగలేదు. హమదాన్‌లో వజీరు పదవి చేపట్టారు, ఖైదు కూడా అనుభవించారు. పగలు కొలువు, రాత్రి రచన. అలా రాసిన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' ఐదు భాగాల గ్రంథం. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి అనువాదమై, కొన్ని వందల ఏళ్లు యూరపులో పాఠ్యగ్రంథంగా నిలిచింది.

జియాబేతస్, అంటే షుగరు వ్యాధి లక్షణాలను ఆయన వివరించారు. మూత్రంలో తీపిని, అవయవం కుళ్లిపోవడాన్ని గుర్తించారు. నబ్జ్, అంటే నాడిని పది లక్షణాలతో పరీక్షించాలన్నారు. మనసులోని మాట దాచే రోగి ముందు పేర్లు ఒక్కొక్కటే చెబుతూ, ఏ పేరు వద్ద నాడి మారుతుందో చూడమని రాశారు. మనసుకూ గుండెకూ సంబంధం ఉందని ఆయన గ్రహించారు. ఆ సంబంధాన్ని కలిపే నరాల సంగతి తరువాతి కాలంలో తేలింది.

షుగరు అదుపులో లేకుండా ఏళ్లు గడిస్తే ఆ నరాలే దెబ్బతినవచ్చు. ఆరోగ్యవంతుని నాడి ఊపిరి పీల్చినప్పుడు కొంచెం వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. నరాలు దెబ్బతిన్న వారిలో ఈ తేడా తగ్గిపోతుంది. విశ్రాంతిలోనూ గుండె వేగంగా కొట్టుకోవచ్చు. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

దీన్ని కనిపెట్టే సులువైన పరీక్షలను 1970, 80 దశకాల్లో ఎడిన్‌బరో వైద్యులు ఈవింగ్, క్లార్క్ ప్రచారంలోకి తెచ్చారు. నిమిషానికి ఆరుసార్లు గాఢంగా ఊపిరి తీయిస్తూ ఈసీజీ తీస్తారు. గుండె వేగంలో తేడా 15 లేదా అంతకు మించితే మంచిది. 10 లేదా అంతకు తగ్గితే అనుమానించాలి. వయసు పెరిగితే ఈ తేడా సహజంగానే కొంత తగ్గుతుంది గనుక ఫలితాన్ని డాక్టరే తేల్చాలి. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడడం మరో పరీక్ష.

ప్రొద్దుటూరులో అంగడి నడిపేవారైనా, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో సేద్యం చేసేవారైనా షుగరు ఉన్నవారు ఈ పరీక్షల గురించి తమ డాక్టరును అడగాలి. సజ్దా నుంచి లేచేటప్పుడు కళ్లు తిరిగితే నీరసమని సరిపెట్టుకోరాదు.

బూఅలీ సీనా 1037లో హమదాన్‌లో కన్నుమూశారు. కడుపునొప్పి బాధిస్తున్నా ప్రయాణాలు, పనులు మానలేదని ఆయన శిష్యుడు జూజ్‌జానీ రాశారు. అంతటి హకీముకే తన ఒంటిని పట్టించుకునే తీరిక లేకపోయింది. మనం ఆ తీరిక చేసుకోవాలి.