డాక్టరు సూసన్ పికాట్ గారి జీవితము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నెబ్రాస్కా రాష్ట్రమున ఒమాహా యను ఆదిమజాతివారు నివసించుచున్నారు. 1854లో వారు తమ వేటభూములలో పెక్కుభాగమును ప్రభుత్వమునకు వదలుకొని కొద్దిపాటి నేలతో తృప్తిపడవలసివచ్చెను. ఆ జాతి నాయకుడగు జోసెఫ్ లా ఫ్లెష్ గారికి 1865 జూన్ 17వ తేదీన సూసన్ జన్మించెను. విద్య లేనిదే తన జాతికి మనుగడ లేదని తలంచి ఆ తండ్రి తన బిడ్డలను మిషను పాఠశాలకు పంపెను.

బాల్యమున సూసన్ ఒకనాటి రాత్రి రోగపీడితయగు వృద్ధురాలి చెంత కూర్చుండెను. ప్రభుత్వ వైద్యునకు నాలుగు మారులు కబురంపిరి. అతడు వత్తునని చెప్పుటయే గాని రాలేదు. తెల్లవారకముందే ఆ వృద్ధురాలు మరణించెను. తనవారి ప్రాణములకు ఇంత చులకనయా యని ఆ బాలిక హృదయము తల్లడిల్లెను. ఆ దుఃఖమే ఆమెకు జీవితమార్గమును చూపెను.

హాంప్టన్ విద్యాలయమున చదువు ముగించి, కనెక్టికట్ రాష్ట్రపు స్త్రీల సంఘమువారి సహాయముతో 1886లో ఆమె ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చేరెను. మన దేశపు ఆనందీబాయి జోషి గారు ఆ యేటనే ఆ కళాశాలనుండి పట్టము పొందిరి. 1889లో సూసన్ తన తరగతిలో ప్రథమురాలై ఉత్తీర్ణురాలయ్యెను. అమెరికా ఆదిమజాతుల స్త్రీలలో వైద్యపట్టము నందిన మొదటి వనిత ఈమెయే.

పట్టణములలో నిలిచి ధనమార్జింపక ఆమె స్వజనుల కడకు తిరిగివచ్చెను. 1,200 మందికి పైబడిన జనులకు ఆమె యొక్కతెయే వైద్యురాలు. మంచు కురియు దినములలోను గుఱ్ఱముపైనో బండిమీదనో రోగుల యిండ్లకు పోవుచుండెను. రాత్రివేళ వచ్చువారికి దారి తెలియుటకై కిటికీలో దీపముంచెడిది. రోగులతో వారి భాషలోనే మాటలాడి వ్యాధికారణమును తెలిపెడిది. జాబులు చదివి పెట్టుట, అర్జీలు వ్రాయుట, తగవులు తీర్చుట కూడ ఆమె పనులే. ఇట్టి శ్రమచే ఆరోగ్యము చెడి 1893లో ఉద్యోగమును విడిచెను.

1894లో హెన్రీ పికాట్ గారిని వివాహమాడెను. వారికి ఇరువురు కుమారులు గలిగిరి. మద్యమునకు లోబడిన భర్త 1905లో మరణించెను. తన యింటనే చూచిన ఆ కీడు ఇతరుల యిండ్ల జొరకుండుటకై ఆమె మద్యవిక్రయముతో గట్టిగ పోరాడెను. పదిమందియు ఒకే పాత్రతో నీరు త్రాగిన వ్యాధులు వ్యాపించునని బోధించెను. 1910లో ఒమాహావారు తమ భూముల హక్కులకై వాషింగ్టనునకు పంపిన ప్రతినిధులలో ఆమెయు నొకతె.

తనవారికొక ఆసుపత్రి కావలెనను ఆమె చిరకాలవాంఛ 1913లో నెరవేరెను. ప్రెస్బిటేరియను మిషనువారి ధనసహాయముతో వాల్ట్‌హిల్ గ్రామమున ఆసుపత్రి తెఱవబడెను. అందు తెల్లవారికిని ఆదిమజాతివారికిని సమముగ చికిత్స జరుగుచుండెను. ఏ జాతి వైద్యుడు తనవారి పిలుపు నాలకింపలేదో ఆ జాతివారికిని ఆమె తలుపు మూయలేదు.

చెవివ్యాధిచే చాలకాలము బాధపడి 1915 సెప్టెంబరు 18వ తేదీన, 50వ యేట, ఆమె పరలోకగతురాలయ్యెను. అంత్యక్రియలయందు బోధకులు ప్రసంగించిన పిమ్మట ఒక వృద్ధుడు ఒమాహా భాషలో కడపటి ప్రార్థన చేసెను. ఆమె పేరు దాల్చిన ఆ ఆసుపత్రి 1993లో జాతీయ చారిత్రక కట్టడముగ గుర్తింపబడెను.

విద్యార్థులారా, చదువు మనలను మనవారినుండి దూరము చేయుటకు గాదు. ఒక వృద్ధురాలి మరణమును మఱవని బాలిక ఒక జాతికంతటికి తల్లియయ్యెను. మన కన్నుల యెదుట గల బాధలను మనము మఱవకుందుము గాక.