నరాల వైద్యానికి బాట వేసిన షార్కో

ఈనాడు చేయి వణికినా, కాలు పట్టు తప్పినా నరాల డాక్టరు దగ్గరికి పరుగెడతాం. అలాంటి డాక్టరు ఒకరుండాలని లోకానికి తెలియజెప్పిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన జాన్ మార్టిన్ షార్కో.

ఆయన 1825లో పారిస్‌లో గుర్రబ్బళ్ళు తయారుచేసే వాని ఇంట పుట్టాడు. వైద్యం చదివి, 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో బాధ్యతలు చేపట్టాడు. అది దిక్కులేని బీద స్త్రీలకు, ముసలివాళ్ళకు, మతి చెడినవాళ్ళకు ఆశ్రయం. వేలమంది అక్కడే బతికి అక్కడే కన్నుమూసేవారు. పేరు తెచ్చిపెట్టే చోటేం కాదు. కాని అంతమంది రోగులను ఏళ్ళ తరబడి గమనించే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

షార్కో మాటలు తక్కువ, చూపు ఎక్కువ. రోగి నడక, వణుకు, కండరాల తీరు అన్నీ రాసిపెట్టేవాడు. రోగి చనిపోయాక మెదడునూ వెన్నుపామునూ మైక్రోస్కోపు కింద చూసి, ఆ రాతలతో సరిపోల్చేవాడు. ఊరికే ఉన్న చేతిలో వణుకు వేరు, వస్తువు అందుకోబోతే వచ్చే వణుకు వేరు అని తేల్చాడు. మొదటిది 1817లో లండన్ డాక్టరు పార్కిన్సన్ వర్ణించిన జబ్బు. దానికి పార్కిన్సన్ పేరే ఉండాలన్నది షార్కో పెద్దమనసు! రెండోది 1868లో తాను వివరించిన మల్టిపుల్ స్క్లీరోసిస్. కండరాలు క్షీణించిపోయే మరో జబ్బును ఫ్రాన్సులో నేటికీ షార్కో జబ్బనే అంటారు.

1882లో ఆయన కోసమే నాడీవ్యాధుల ఆచార్య పదవి నెలకొల్పారు. ఆయన మంగళవారం పాఠాలకు హాలు నిండిపోయేది. 1885లో వియన్నా నుంచి కుర్ర డాక్టరు ఫ్రాయిడ్ కూడా వచ్చి చేరాడు.

అంతటివాడూ హిస్టీరియా విషయంలో పొరబడ్డాడు. హిప్నాటిజంతో జనం ముందు రోగులను ప్రదర్శించాడు. ఎదుటివారు ఏం ఆశిస్తున్నారో పసిగట్టి రోగులు అదే చేస్తున్నారని నాన్సీ నగర వైద్యులు వాదించారు. చివరికి వారి మాటే నెగ్గింది. హిస్టీరియా రోగుల మెదడులో వెతికినా ఏ మచ్చా దొరకదు. అంటే, తన ఊహను తానే సరిచూసుకునే పాత త్రాసు అక్కడ ఆయన చేతిలో లేదన్నమాట.

1893లో షార్కో కన్నుమూశాడు. ఆయన కనుగొన్న జబ్బుల్లో చాలావాటికి ఆనాడు మందు లేదు. అయినా జబ్బును గుర్తుపట్టడం వైద్యానికి తొలిమెట్టు కదా! స్కానింగులు వచ్చిన ఈ రోజుల్లోనూ రోగిని నడిపించి చూడనిదే నరాల పరీక్ష పూర్తికాదు. ఓపికగా చూడడం, చూసినదాన్ని సరిచూసుకోవడం — ఏ శాస్త్రం చదివే విద్యార్థికైనా షార్కో జీవితం చెప్పే పాఠం ఇదే.