ముచుకుందను మచ్చిక చేసిన మహాశిల్పి

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి భాగ్యనగరమును ముంచెను. వేలకొలది ప్రజలు అసువులు బాసిరి. మఱుసటి యేట నిజాము ప్రభుత్వము రప్పించిన యింజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. 1861లో మైసూరు రాజ్యమున ముద్దెనహళ్లియందు జన్మించిన వీరి పూర్వులది ఆంధ్రదేశమునందలి మోక్షగుండము.

వీరు దైవమును నిందించి యూరకుండలేదు. వర్షపు లెక్కలను, నదీమార్గమును పరిశీలించిరి. ఎగువ చెరువుల కట్టలు వరుసగా తెగుటచే వఱద ప్రళయరూపము దాల్చెనని గ్రహించిరి. నీటిని ఎగువనే నిలుపవలెనని నిశ్చయించి, మూసీ, ఈసీ నదులపై రెండు జలాశయములను సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసెను. ముంచిన నీరే నగరమునకు దాహము దీర్చెను.

1955లో భారతరత్న బిరుదము నందిన యీ మహనీయులు 1962లో దివంగతులైరి. 2020 అక్టోబరులో భాగ్యనగరము మరల నీట మునిగెను. చెరువుల గర్భములను, కాలువల గట్లను ఆక్రమించువారిని ఉపేక్షించు మనకు వీరి విగ్రహమునకు పూలదండ వేయు నర్హత కలదా? ఆపద వచ్చిన పిదప విలపించుట మానవ స్వభావము; రాకమున్నే కట్ట కట్టుకొనుట జాతి ధర్మము. వీరి జీవితము నేర్పు పాఠ మిదియే.