మీసాల తల్లి – గిజుభాయి బధేకా

పిల్లలకు చదువు ఎక్కడ మొదలవుతుంది? పలకమీదా, చెవిలోనా? గుజరాత్‌లో ఒక ప్లీడరు ఈ ప్రశ్న వెంటపడి, చేస్తున్న వృత్తి వదిలి బడిపంతులయ్యారు. ఆయనే గిజుభాయి బధేకా. పిల్లలను తల్లిలా సాకిన ఆయనను గుజరాతీలు ముద్దుగా ‘మూఛాళీ మా’ అని పిలిచేవారు. అంటే మీసాలున్న అమ్మ. ఈ పాఠంలో ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

గిజుభాయి అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్ గ్రామంలో పుట్టారు. తండ్రి పేరు భగవాన్‌జీ. పెరిగి పెద్దయ్యాక బతుకుతెరువు కోసం 1907లో తూర్పు ఆఫ్రికా వెళ్లారు. 1909లో తిరిగివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, వఢవాణ్‌లో ప్లీడరుగా స్థిరపడ్డారు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు.

1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. పేరు నరేంద్ర. వీణ్ణి ఏ బడిలో వేయాలి అన్న ఆలోచన అప్పటినుంచే తండ్రిని పట్టుకుంది. ఆనాటి బడులు ఎలా ఉండేవో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా మీరు వినే ఉంటారు. బెత్తం, బట్టీ, గోడకుర్చీ. కొడుకును అలాంటి బడికి పంపడానికి గిజుభాయికి మనసొప్పలేదు. వసో అనే ఊళ్లో మోతీభాయి అమీన్ అనే విద్యావేత్త ఉండేవారు. బరోడా సంస్థానంలో గ్రంథాలయాల కోసం ఎంతో పాటుపడిన మనిషి. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి శిశువిద్య గురించి చెప్పిన విషయాలు ఆయన ద్వారానే గిజుభాయికి తెలిశాయి. సొంత బిడ్డ కోసం మొదలుపెట్టిన చదువు, క్రమంగా అందరి బిడ్డల కోసమూ అయింది.

1916లో గిజుభాయి వకీలు వృత్తి వదిలి, భావనగర్‌లో నానాభాయి భట్ నడుపుతున్న దక్షిణామూర్తి సంస్థలో చేరారు. పెద్ద పిల్లలతో పనిచేసిన కొద్దీ, మార్పు ఇంకా చిన్నప్పుడే మొదలుకావాలని ఆయనకు తోచింది. 1920 ఆగస్టులో అక్కడే ‘బాలమందిర్’ తెరిచారు. ఆ శిశువుల బడిలో దెబ్బలు లేవు, బహుమతులూ లేవు. పిల్లలు ఆడేవారు, పాడేవారు, మట్టితో బొమ్మలు చేసేవారు, తమ పని తామే చేసుకునేవారు.

మాంటిస్సోరి పద్ధతిని గిజుభాయి గౌరవించారు గాని, గుడ్డిగా అనుసరించలేదు. రాజులు, రాక్షసులు, మాట్లాడే జంతువులు ఉండే కథలు పసిపిల్లలకు తగవని మాంటిస్సోరి అభిప్రాయం. గిజుభాయి ఈ విషయంలో దారి మార్చారు. సౌరాష్ట్ర పల్లెల్లో అమ్మమ్మలు, నానమ్మలు చెప్పే కథలను ఏరి తెచ్చి బడిలోనే చెప్పారు. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పది.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆయన పిల్లలకు అందించిన కథల్లో ఏడు తోకల ఎలుక కథ ఒకటి. ఒక ఎలుకకు ఏడు తోకలుంటాయి. బడిలో తోటివాళ్లు వెక్కిరిస్తారు. ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే, మంగలి దగ్గరికి వెళ్లి ఒక తోక కోయించుకోమంటుంది తల్లి. మర్నాడు ఆరు తోకలని వెక్కిరిస్తారు. మళ్లీ ఒకటి కోయిస్తారు. ఇలా అన్నీ పోయి చివరికి తోకే ఉండదు. అప్పుడూ వెక్కిరిస్తారు!

ఈ కథలో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, అంకె ఒక్కటే మారుతుంది. రెండోసారికే పిల్లలు చెప్పేవారితో గొంతు కలుపుతారు. నాలుగోసారికి వాళ్లే ముందు చెప్పేస్తారు. తర్వాత ఎప్పుడో అదే కథ పుస్తకంలో కనిపిస్తే అది కొత్త పాఠంలా ఉండదు. చెవికి తెలిసిన మాటను కన్ను గుర్తుపడుతుంది, అంతే. అక్షరం తెలియని తల్లి కూడా బిడ్డ చదువుకు ఈ విధంగా పునాది వేయగలదు. మీరు చిన్నప్పుడు విన్న కథల్లో ఇలా ఒకే మాట తిరిగి తిరిగి వచ్చేది ఏదైనా ఉందా? ఉంటే ఒకసారి పైకి చెప్పి చూడండి. ఏడు చేపల కథ మీకు వెంటనే గుర్తురావచ్చు.

కథ ఎలా చెప్పాలి, ఏ వయసుకు ఏ కథ చెప్పాలి అన్న విషయాలపై ఆయన పెద్ద గ్రంథమే రాశారు. పిల్లల కోసం, ఉపాధ్యాయుల కోసం, తల్లిదండ్రుల కోసం మొత్తం వందకు పైగా పుస్తకాలు రాశారు. 1929లో గుజరాతీ సాహిత్యంలో పేరుగాంచిన రంజిత్‌రామ్ స్వర్ణపతకం ఆయనకు లభించింది.

వీటిలో ‘దివాస్వప్న’ బాగా ప్రసిద్ధి పొందింది. తెలుగులో ‘పగటికల’ పేరుతో వచ్చింది. లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు మామూలు బడిలో నాలుగో తరగతిని తీసుకుని ప్రయోగం చేయడం ఇందులోని కథ. మొదటి రోజు పిల్లల చేత నిశ్శబ్దం పాటించే ఆట ఆడించబోయి భంగపడతాడు. తరగతి అంతా గోలగోల. మర్నాడు కథ మొదలుపెడతాడు. అల్లరి ఆగిపోతుంది. కథలతో కాలక్షేపం చేస్తే చదువెప్పుడు చెబుతావని తోటి ఉపాధ్యాయులు ఎద్దేవా చేస్తారు. అతను మాత్రం కథల పుస్తకాలతో తరగతిలోనే చిన్న గ్రంథాలయం పెడతాడు. ఇది కల్పిత కథే అయినా, ఇందులోని అనుభవం గిజుభాయిదే. తొలిరోజు ఓటమిని దాచకుండా రాయడం వల్లనే ఉపాధ్యాయులు ఈ పుస్తకాన్ని నమ్మారని అనిపిస్తుంది.

1930 సత్యాగ్రహ కాలంలో గిజుభాయి నిరాశ్రితుల శిబిరాల్లో ఉండి, పిల్లలతో వానరసేన ఏర్పాటు చేశారు. చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పే ప్రయత్నం కూడా ఆ రోజుల్లోనే చేశారు.

1936లో ఆయన దక్షిణామూర్తిని విడిచిపెట్టారు. తర్వాత రాజ్‌కోట్‌లో ఉపాధ్యాయ శిక్షణాలయం పనిలో మునిగిపోయారు. విశ్రాంతి ఎరుగని శరీరం త్వరగానే అలసిపోయింది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

బాలమందిర్ పట్టణంలోని బడి. మాంటిస్సోరి పరికరాలు ఖరీదైనవి. కూలినాలి చేసుకునేవారి పిల్లలకు ఈ చదువు చేరేదెలా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. దానికి జవాబు వెతికినవారు తారాబాయి మోడక్. ఆమె 1923లో భావనగర్ వచ్చి గిజుభాయితో కలిసి పనిచేశారు. 1926లో ఇద్దరూ నూతన బాల శిక్షణ సంఘం స్థాపించారు. ఆయన పోయిన తర్వాత, 1945లో ఆమె మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో శిశువిద్యా కేంద్రం తెరిచారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. ఖరీదైన పరికరాలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు వాడారు. కేంద్రానికి రాలేని పేద పిల్లల కోసం వాళ్ల పేటకే వెళ్లి, ఇళ్లముందు వాకిట్లోనే బడి నడిపారు. వాకిలిని అక్కడ ‘అంగణ్’ అంటారు. అందుకని ఆ బడిని అంగన్‌వాడి అన్నారు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలోని 33 బ్లాకులలో మొదలైనప్పుడు, దాని కేంద్రాలకు కూడా అదే పేరు వచ్చింది.