పండిత రమాబాయి: తిరుపతి అడవిలో ఆకలితో అలమటించి, వేల మందికి ఆశ్రయమిచ్చిన మహిళ

అది 1874వ సంవత్సరం. మద్రాసు ప్రెసిడెన్సీని కరవు పీడిస్తోంది. తిరుపతి కొండల అడవిలో ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబం పదకొండు రోజులుగా అన్నం మొహం చూడలేదు. నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లతోనే ప్రాణాలు నిలుపుకొంటున్నారు. చూపు దాదాపుగా పోయిన ఆ ఇంటి పెద్ద, అడుక్కుని బతకడం కంటే పవిత్ర కోనేటిలో మునిగి తనువు చాలించడమే మేలని నిశ్చయించుకున్నారు. భార్యాబిడ్డలను ఒక్కొక్కరినే దగ్గరకు తీసుకుని వీడ్కోలు చెప్పారు.

చివరి క్షణంలో కొడుకు అడ్డుపడ్డాడు. కులం పరువు పక్కనపెట్టి కూలి పనైనా చేసి అందరినీ పోషిస్తానని మాటిచ్చాడు. కుటుంబం కొండ దిగింది. తండ్రి మాత్రం ఎన్నో రోజులు బతకలేదు. కొద్ది నెలల వ్యవధిలోనే తల్లి, అక్క కూడా కన్నుమూశారు.

తల్లి శవాన్ని శ్మశానానికి మోయడానికి మనుషులు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి ముందుకొచ్చారు. మూడో మనిషి కొడుకు, నాలుగో మనిషి కూతురు. అందరికన్నా పొట్టిది కావడంతో ఆమె తన వంతు బరువును భుజాన కాకుండా తలపై మోయాల్సి వచ్చింది. అప్పటికి ఆ అమ్మాయికి పదహారేళ్లు.

ఆమే పండిత రమాబాయి. సంస్కృత విదుషిగా, సంఘ సంస్కర్తగా చరిత్ర పుస్తకాల్లో ఆమె పేరు తరచూ కనిపిస్తుంది. అయితే ఆమె జీవితమంతటినీ నడిపించింది అంతకన్నా కఠినమైన ఒక ప్రశ్న: నమ్ముకున్న దేవుడు ఆకలి తీర్చనప్పుడు, ఆ నమ్మకాన్ని ఏం చేయాలి?

పురాణం చెప్పే కుటుంబం

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతం నేర్పరాదన్న ఆనాటి కట్టుబాటును ధిక్కరించి, భార్య లక్ష్మీబాయికి ఆ భాష నేర్పారు. తోటి పండితుల ఆగ్రహాన్ని కూడా ఎదుర్కొన్నారు. తర్వాత ఆ తల్లే కూతురికి గురువయ్యారు. పన్నెండేళ్లు వచ్చేసరికి భాగవతంలోని 18,000 శ్లోకాలు రమాబాయికి కంఠస్థం.

క్షేత్రం నుంచి క్షేత్రానికి నడుస్తూ, గుళ్లలో పురాణం చెబుతూ, వచ్చిన సంభావనతో ఆ కుటుంబం బతికేది. అందులోనూ దానధర్మాలకు పోగా మిగిలిందే తమకు. చివరి రూపాయి దాకా పూజలకు, బ్రాహ్మణ సంతర్పణలకు ఖర్చుపెట్టి దైవానుగ్రహం కోసం ఎదురుచూశారని రమాబాయి తర్వాత రాశారు. ఆ జ్ఞాపకాలను ఆమె మతం మారిన చాలా ఏళ్లకు, 1907లో అచ్చు వేశారన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తిరిగి చూసుకున్న కంటికి గతం కొంత వేరుగా కనిపించి ఉండవచ్చు. అయినా తల్లిదండ్రుల భక్తిని ఆమె ఎన్నడూ తక్కువ చేయలేదు. దేవుడిని సేవించమన్న తండ్రి చివరి మాటను జీవితాంతం మోశారు.

అన్నాచెల్లెళ్లిద్దరూ మిగిలారు. దేశాన్ని కాలినడకన చుట్టారు. పంజాబ్‌లో జీలం నది ఒడ్డున ఒక చలి రాత్రి కప్పుకోవడానికి ఏమీ లేక, ఇసుకలో సమాధుల్లాంటి గుంటలు తవ్వుకుని, తలలు మాత్రం పైకి పెట్టి, ఒళ్లంతా పొడి ఇసుక కప్పుకున్నారు. నియమాలన్నీ పాటించినా ఏ దేవతా పలకలేదన్న అనుమానం అలాంటి రాత్రుల్లోనే మొదలై, క్రమంగా వారి పాత నమ్మకాన్ని కరిగించేసింది.

కలకత్తా, సిల్చర్, పుణె

1878లో కలకత్తా చేరిన ఇరవై ఏళ్ల యువతి పాండిత్యం చూసి అక్కడి పండితులు నివ్వెరపోయారు. పరీక్షించి, 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆమెను వేదాలు చదవమని ప్రోత్సహించారు.

1880లో అన్న శ్రీనివాస్ మరణించారు. అదే ఏడాది ఆమె బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాస్ మేధావిని కులాంతర వివాహం చేసుకున్నారు. అస్సాం ప్రాంతంలోని సిల్చర్‌లో కాపురం. అక్కడే భర్త పుస్తకాల్లో బెంగాలీలో ఉన్న లూకా సువార్త ఆమె చేతికి చిక్కింది. ఆమె ఆసక్తి భర్తకు నచ్చలేదు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కలరా బిపిన్‌ను బలితీసుకుంది.

ఇరవై నాలుగేళ్లు నిండకముందే తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త అందరినీ పోగొట్టుకున్న ఆ వితంతువు, పసిబిడ్డను ఎత్తుకుని పుణె వెళ్లారు. అక్కడ ఆర్య మహిళా సమాజ్ స్థాపించారు. హంటర్ విద్యా కమిషన్ ముందు హాజరై, భారతీయ స్త్రీలకు మహిళా వైద్యులు, ఉపాధ్యాయినులు కావాలని వాదించారు.

బిషప్పులతోనూ వాదమే

వైద్యవిద్య చదవాలన్న ఆశతో 1883లో ఆమె ఇంగ్లండ్ వెళ్లారు. వినికిడి లోపం ఆ దారి మూసేసింది. వాంటేజ్‌లోని ఆంగ్లికన్ సన్యాసినుల ఆశ్రమంలో ఉండగా, వారు లండన్‌లో నడుపుతున్న ఒక శరణాలయాన్ని చూశారు. సమాజం వెలివేసిన స్త్రీలను ఆ సోదరీమణులు ఆదరిస్తున్న తీరు ఆమెను కదిలించింది. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, యోహాను సువార్తలో సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన ఘట్టం చదివి వినిపించారు. అదే ఏడాది సెప్టెంబరు 29న, కూతురితో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు.

స్వదేశంలో పెద్ద దుమారమే రేగింది. అయితే చర్చి పెద్దలకు కూడా ఆమె సులువుగా లొంగలేదు. త్రిత్వ సిద్ధాంతాన్ని నెలల తరబడి ప్రశ్నించారు. శిలువపై లాటిన్ మాటలెందుకు, సంస్కృతం ఉండకూడదా అని నిలదీశారు. ఆమె మగ విద్యార్థులకు పాఠాలు చెప్పరాదని భారత్‌లోని బిషప్పులు అభ్యంతరం చెబితే, ఒక పెత్తనం వదిలించుకుని మరో పెత్తనం కిందకు వెళ్లడానికి తాను సిద్ధంగా లేనని తేల్చేశారు. విశ్వాసమంటే తలవంచడమే అనుకునేవారికి రమాబాయి ఎప్పుడూ మింగుడుపడలేదు.

1886లో అమెరికా వెళ్లి, ఆనందీబాయి జోషి వైద్య పట్టా అందుకున్న వేడుకకు హాజరయ్యారు. హిందూ వితంతువుల దుస్థితిపై 1887లో ఇంగ్లిష్‌లో పుస్తకం రాశారు. బోస్టన్‌లో ఏర్పడిన రమాబాయి అసోసియేషన్ పదేళ్లపాటు సాయం చేస్తామని ముందుకొచ్చింది. ఆ సాయంతో 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ ప్రారంభించారు. తర్వాత అది పుణెకు మారింది.

అక్కడ మతబోధ ఉండదన్నది ఒప్పందం. రమాబాయి తన గదిలో ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేవారు కాదు, కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. 1893లో ఇది పెద్ద వివాదమైంది. తిలక్ పత్రిక 'కేసరి' తీవ్రంగా విమర్శించింది. సలహా సంఘంలో ఉన్న రానడే, భండార్కర్ తప్పుకొన్నారు. చాలామంది తమ పిల్లలను తీసుకెళ్లిపోయారు. తమను నమ్మించి మోసం చేశారన్నది వారి బాధ. ఆ బాధను పూర్తిగా కొట్టిపారేయలేం. తన ప్రార్థనను తాను దాచుకోనవసరం లేదన్నది రమాబాయి పట్టుదల.

కేడ్గావ్

1896లో మధ్య పరగణాల్లో కరవు వచ్చిందని తెలియగానే ఆమెకు తిరుపతి అడవి గుర్తుకొచ్చింది. అప్పటికి అమెరికా సాయం గడువు ముగింపు దగ్గరపడుతోంది. శారదా సదన్‌కే రేపు ఎలాగో తెలియని స్థితి. లెక్క ప్రకారం చూస్తే ఒక్కరిని కూడా అదనంగా చేర్చుకోకూడదు. ఆమె వెళ్లి దాదాపు 300 మంది బాలికలను, స్త్రీలను తీసుకొచ్చారు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఎవరినీ యాచించకుండా, ప్రార్థననే ఆధారం చేసుకుని వేల మంది అనాథలను పోషించిన జార్జ్ ముల్లర్ జీవితాన్ని ఆమె చదివి ఉన్నారు. మన దేశంలోనూ అలా దేవుడిపైనే భారం వేయడం సాధ్యమా అని ఆలోచించేవారు. ఇప్పుడు పరీక్షించాల్సిన వేళ వచ్చింది.

భారం వేయడమంటే చేతులు ముడుచుకోవడం కాదని కేడ్గావ్ చూసినవారికి అర్థమయ్యేది. పుణె నుంచి షోలాపూర్ వెళ్లే రైలు మార్గంలోని ఆ ఊళ్లో ఆమె అంతకుముందే భూమి కొన్నారు. అక్కడ బావులు తవ్వించారు, తోటలు వేయించారు, పాడి పశువులను పెంచారు. ఆ స్థావరానికి 'ముక్తి' అని పేరు పెట్టారు. నేత, కుట్టు, నూనె గానుగ, ముద్రణాలయం అన్నీ స్త్రీల చేతుల మీదుగానే నడిచేవి. అంధులకు మనోరమ బ్రెయిలీ నేర్పారు. 1897లో ప్లేగు నిర్బంధాల వేళ, ఆసుపత్రుల్లో స్త్రీలకు రక్షణ లేదంటూ బొంబాయి పత్రికలో రాసి ప్రభుత్వాన్ని తప్పుబట్టారు.

1900లో గుజరాత్ కరవు బాధితులు కూడా రావడంతో ముక్తిలో తలదాచుకున్నవారి సంఖ్య దాదాపు 2,000కు చేరింది. రోజుకు రెండు వేల మందికి రెండు పూటలా ధాన్యం, నీళ్లు, బట్టలు, మందులు సమకూర్చాలి. అన్ని నోళ్లకూ కూడు అందించే పూచీని తలకెత్తుకున్న ఆమె, ఒకప్పుడు తల్లి కోసం రొట్టెముక్క అడగడానికి గుమ్మం ముందు నిలబడి, సిగ్గుతో నోరు పెగలని పిల్ల.

చివరి పని

జీవితంలో చివరి పదిహేనేళ్లకు పైగా ఆమె ఒక పెద్ద పనికి అంకితమయ్యారు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి అనువదించడం మొదలుపెట్టారు. అప్పటికే ఉన్న మరాఠీ అనువాదం పల్లెటూరి స్త్రీలకు అర్థం కాదన్నది ఆమె ఫిర్యాదు. 18,000 శ్లోకాలు నోటికి వచ్చిన పండితురాలు పట్టుబట్టి సంస్కృత పదాలను ఏరిపారేస్తూ, వాడుక మాటల కోసం వెతుక్కున్నారు. 1919లో ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది.

తన తర్వాత ముక్తిని నడుపుతుందనుకున్న మనోరమ 1921 జులై 24న మరణించారు. నలభై ఏళ్ల కూతురిని పోగొట్టుకున్న ఆ తల్లికి వినికిడి దాదాపు లేదు, ఆరోగ్యమూ లేదు. అనువాదం మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఆమె మళ్లీ ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నారు.

1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. ఆమె అనువదించిన బైబిల్ 1924లో పూర్తిగా వెలువడింది. దాన్ని అచ్చు వేసింది కేడ్గావ్‌లోని ఆమె ముద్రణాలయమే.