మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారును బడులును

మాస్తి అనగానే కన్నడ దేశమంతయు మాస్తి వేంకటేశ అయ్యంగారిని తలచుకొనును. ఆయన ఇంటిభాష తమిళము, వ్రాసినది కన్నడము. మన కోలారు సీమ ఇట్టిది. ఈ సీమలోనే తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టి, మైసూరు సంస్థానమునకు దివానైన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి చరిత్రను మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును చెప్పదలచితిమి. కృష్ణరాజసాగరమును నిర్మించిన ఇంజనీరుగా ఆయనను ఎరుగనివారు లేరు. కావున ఆనకట్టల సంగతి ఇచట విస్తరింపము. ఆయన ఎట్లు చదువుకొనిరి, ఇతరుల చదువునకై ఏమి చేసిరి, ఎచట వెనుదీసిరి అనునదియే మాకు ముఖ్యము.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15వ తేదీన, నంది కొండల చెంతనున్న ముద్దేనహళ్ళిలో జన్మించిరి. ఆ గ్రామము చిరకాలము కోలారు జిల్లాలో ఉండి, 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినది. పూర్వులు గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండము నుండి వలస వచ్చిన ములకనాటి బ్రాహ్మణులు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. ఇంట తెలుగు, ఊర కన్నడము, పైచదువున ఆంగ్లము: మన పిల్లలకు బాగుగా తెలిసిన అవస్థయే ఇది.

చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగిసెను. తండ్రి చిన్నతనముననే గతించిరి. పైచదువునకు బెంగుళూరు పోవలెను. చేత ధనము లేదు. అచట మేనమామ ఉండిరి కనుక ఆశ్రయము దొరికెను. ఒక కొడగు కుటుంబము వారి పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆ సంపాదనతో సెంట్రల్ కాలేజీలో చదివి, 1881లో పట్టభద్రులైరి. తాను చదువుకొనుటకు ముందు ఇతరులకు చదువు చెప్పవలసి వచ్చెనన్నమాట.

ఈ కథను ఉపాధ్యాయులు సాధారణముగా పట్టుదలకు ఉదాహరణముగా చెప్పుదురు. పట్టుదల నిజమే. కాని మేమొకటి అడుగుచున్నాము. బెంగుళూరున మేనమామ లేకపోయినచో? ఇంట తరతరముల విద్యాసంస్కారము లేకపోయినచో? ఒక సంపన్న కుటుంబము తన బిడ్డలను ఆ యువకునికి నమ్మి అప్పగింపకపోయినచో? ఆ కాలమున ఇదే సీమలోని రైతుకూలీల బిడ్డలకు, అస్పృశ్యులనబడిన వారి బిడ్డలకు ఇవి యేవియు లేవు. వారిలోను పట్టుదల గలవారు ఉండియే యుందురు. వారి పేర్లు మనకు తెలియవు.

పట్టభద్రులైన పిదప మైసూరు ప్రభుత్వము విద్యార్థివేతనమిచ్చి ఆయనను పూనా సైన్సు కళాశాలకు పంపెను. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ప్రథమ స్థానము పొందిరి. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరి, సుమారు ఇరువదియైదేండ్లు పనిచేసిరి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట ఆ నగర రక్షణకు ప్రణాళిక వేసినదియు ఆయనయే. 1909లో మైసూరునకు ముఖ్య ఇంజనీరుగా వచ్చిరి, 1912లో దివానైరి.

అప్పటికే, 1911లో, ఆయన ప్రోద్బలమున మైసూరు ఆర్థిక సమ్మేళనము ఏర్పడియుండెను. వ్యవసాయమునకు, పరిశ్రమలకు, వాణిజ్యమునకు తోడు విద్యకును అందు చోటు కల్పించిరి. జనులకు అక్షరజ్ఞానము లేనిదే సంస్థానమునకు సంపద కలుగదని ఆయన నిశ్చయము. 1913లో ప్రాథమిక విద్యా శాసనము వచ్చెను. ఎంపిక చేసిన స్థలములలో చదువు నిర్బంధమాయెను. ఆయన దివానుగిరీ ఆరేండ్లలో సంస్థానపు బడులు సుమారు 4,500 నుండి 10,500కు పైగా పెరిగెను. విద్యార్థులు సుమారు 1,40,000 నుండి 3,66,000 వరకు పెరిగిరి. మైసూరున మహారాణీ కళాశాల బాలికలకు పట్టపు చదువు చెప్పు స్థాయికి ఎదిగెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. అంతవరకు మన విద్యార్థులు మదరాసు విశ్వవిద్యాలయపు పరీక్షలే వ్రాయవలసియుండిరి. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల ఆరంభమాయెను. తనవలె పూనా పోవలసిన అవసరము తరువాతివారికి తప్పినది.

ఇంతకును ధనము ఎచటిది? సంస్థానపు ఆదాయములలో కోలారు బంగారు గనులనుండి వచ్చు రాయల్టీ ఒకటి. 1902 నుండి శివనసముద్రపు విద్యుత్తును ఆ గనులకు అమ్మి పొందిన సొమ్ము మరియొకటి. మన సీమ మట్టి సంస్థానపు ఖజానాను నింపినది. ఆ గనులలో దిగి పనిచేసిన తమిళ, తెలుగు కూలీల పిల్లలకు అందుండి ఎంత ముట్టెనో ఆలోచింపదగినదే.

ఇక వివాదము. బడులు పెరిగినను ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణులే అత్యధికులుగా ఉండిరి. జనాభాలో వారు స్వల్పసంఖ్యాకులు. 1918లో ఇతర వర్గముల నాయకులు మహారాజునకు విన్నవించుకొనిరి. నాల్వడి కృష్ణరాజ ఒడెయరుగారు ఆ యేటనే ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లరు అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. విశ్వేశ్వరయ్యగారికి ఇది నచ్చలేదు. చదువును అందరికి విస్తరింపజేసినచో భేదములు క్రమముగా తొలగునని, ఉద్యోగమునకు యోగ్యతయే ప్రమాణము కావలెనని వారి మతము. ఆ యేటి చివర దివాను పదవిని విడిచిపోయిరి. మరుసటి యేడు సంఘము తన నివేదికలో, ఏడేండ్లలోగా పై ఉద్యోగములలో సగమునకు, క్రింది ఉద్యోగములలో మూడింట రెండువంతులకు తక్కువగాకుండ వెనుకబడిన వర్గములవారికి చెందవలెనని సిఫారసు చేసెను. వారికి విద్యార్థివేతనములను ధారాళముగా ఇయ్యవలెనని కోరెను.

ఆ కాలముననే మరియొక తెలుగువారు మైసూరున ఉండిరి. చిత్తూరు సీమకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డిగారు మహారాజా కళాశాలలో ఆచార్యులై, పిదప విద్యాశాఖకు ముఖ్యాధికారి అయిరి. ఆయన వెనుకబడిన వర్గముల పక్షము వహించి, ప్రభుత్వపు బడి తలుపులు పంచములనబడిన పిల్లలకు తెరవవలెనని పట్టుపట్టిరి. ఇద్దరును విద్యాభిమానులే, ఇద్దరును తెలుగువారే. అయినను త్రోవలు వేరు. విశ్వేశ్వరయ్యగారు బడులను కట్టించిరి. ఆ బడి గడపను ఎవరు దాటగలరు, ఎవరు దాటలేరు అనుదానిని రెడ్డిగారు చూచిరి. ఈ ఒక్క విషయమున మా మనస్సు రెడ్డిగారి వైపే మొగ్గుచున్నది. విద్యార్థివేతనముతో పైకి వచ్చిన మహనీయుడే, వేతనమునకు అర్హత పొందు వరకైనను చేరలేని పిల్లల సంగతిని చాలినంతగా తలపకపోవుట మాకు వింతగా తోచును.

అయినను ఆయన ధనవ్యామోహము లేనివారు. భద్రావతి ఇనుప కర్మాగారమునకు చేసిన సేవకై తనకు రావలసిన ప్రతిఫలమును తాను తీసికొనక, బెంగుళూరున వృత్తివిద్యాసంస్థకై వినియోగింపజేసిరి. ఆ సంస్థకు తన పేరు పెట్టనీయక మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించిరి.

1955లో భారతరత్న బిరుదము లభించెను. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు కోలారు మైసూరు రాష్ట్రముననే నిలిచెను. ఆ యేటనే, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింప యత్నింపవలెనని నిర్దేశించు 350ఏ అధికరణము రాజ్యాంగమున చేరెను. ముద్దేనహళ్ళి బాలుని కాలమున అట్టి మాటయే లేదు. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిదప, విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరున కాలధర్మము చెందిరి. ఆయన సమాధి ముద్దేనహళ్ళిలోనే కలదు.